సిఫార్సు లేఖల్లో పొరపాట్లు: సవరణ, బాధ్యత

(స్మారకోపన్యాస పాఠం, కొండపల్లి)

1. లేఖ స్వరూపం

వృత్తివిద్యా కళాశాలకు వెళ్ళే దరఖాస్తులో సిఫార్సు లేఖ ఒక సాక్ష్యం. విద్యార్థి తన గురించి తాను చెప్పుకునేది ఒక పత్రం. మార్కుల మెమో చెప్పేది మరొకటి. విద్యార్థి పనిని దగ్గరుండి చూసిన మూడో మనిషి చెప్పేది సిఫార్సు లేఖ. సాక్షి మాటలో తప్పు దొర్లితే దిద్దవలసింది సాక్షే. ఎవరి కోసం సాక్ష్యం చెప్పారో ఆ మనిషే దాన్ని దిద్దుకుంటే అది ఇక సాక్ష్యం కాదు. లేఖల్లో పొరపాట్ల గురించి చెప్పుకోదగిన నియమాలన్నీ ఈ ఒక్క సూత్రం నుంచే పుడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో వృత్తివిద్యా ప్రవేశాలకు ఈ సాక్ష్యంతో పని లేదు. ఇంజనీరింగ్‌కు ఎంసెట్, 2021 నుంచి ఏపీ ఈఏపీసెట్, వైద్యానికి నీట్, న్యాయవిద్యకు లాసెట్, ఎంబీఏకు ఐసెట్. అన్నిటా ర్యాంకే కొలబద్ద. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో వచ్చిన రాష్ట్ర చట్టం కూడా మార్కులు, ప్రవేశపరీక్ష ర్యాంకుల ఆధారంగానే సీట్లు ఇవ్వాలంది. అందువల్ల కొండపల్లి, ఇబ్రహీంపట్నం, మైలవరం ప్రాంతాల్లో చదువుకున్న విద్యార్థికి ఇంజనీరింగో వైద్యమో పూర్తయ్యేదాకా ఇలాంటి లేఖ అవసరం పడదు. విదేశాల్లో ఎంఎస్‌కు, అమెరికాలో వైద్య రెసిడెన్సీకి, ఎల్‌ఎల్‌ఎంకు, పేరున్న మేనేజ్‌మెంట్ కళాశాలకు దరఖాస్తు చేసేటప్పుడు ఒక్కసారిగా రెండు మూడు లేఖలు కావలసివస్తాయి. అమెరికాలో 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగువారి పాలు పెద్దదన్న సంగతి కృష్ణా తీరంలో ప్రతి వీధికీ తెలుసు.

తెలుగు సమాజానికి బాగా పరిచయమైన సిఫార్సు లేఖ వేరు. ప్రజాప్రతినిధి లెటర్‌హెడ్ మీద తిరుమల దర్శనం కోసం ఇచ్చే కాగితం అది. అందులో సంతకం చేసినవారి హోదాకే విలువ. దర్శనానికి వెళ్ళే కుటుంబం గురించి ఆయనకు ఏమీ తెలియకపోయినా పని జరుగుతుంది. కళాశాలలిచ్చే స్టడీ సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్ మరో తరహావి. అచ్చువేసిన నమూనాలో పేరు, సంవత్సరం నింపి, ప్రవర్తన సంతృప్తికరం అని రాసి ముద్ర వేస్తారు. వృత్తివిద్యా దరఖాస్తుకు కావలసిన లేఖ ఈ రెండింటికీ దూరం. దానికి హోదా కన్నా పరిచయం ముఖ్యం, నమూనా కన్నా వివరం ముఖ్యం. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం పొరపాట్లు మొదలవుతాయి.

2. పొరపాట్లు ఎక్కడ పుడతాయి

మొదటి మూలం లేఖ రాసే పద్ధతి. ఇంజనీరింగ్ కళాశాలల్లో తరచుగా కనిపించే ఆచారం ఇది: విద్యార్థి ఆచార్యుణ్ణి అడుగుతాడు, ఆయన “నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను” అంటారు. విద్యార్థి సీనియర్ దగ్గర పాత లేఖ తెచ్చుకుంటాడు, లేదా దరఖాస్తుదారు తన లక్ష్యాలు చెప్పుకునే వ్యాసం (ఎస్‌ఓపీ)తో పాటు సిఫార్సు లేఖలు (ఎల్‌ఓఆర్) కూడా రాసిపెట్టే కన్సల్టెన్సీకి వెళతాడు. పేర్లు మారతాయి, మిగిలినది అలాగే ఉంటుంది. చివరికి లేఖలో ఉన్న మాటలు ఒకరివి, సంతకం మరొకరిది, అందులోని వాస్తవాలు ఎవరివో తెలియదు. ఈ మధ్య కృత్రిమ మేధ సాధనాలు ఈ గొలుసులో చేరాయి. అడిగినవారికి అవి క్షణంలో నిండైన లేఖ తయారుచేస్తాయి. చెప్పని ప్రాజెక్టును, రాని బహుమతిని కూడా అందులో కూర్చే ప్రమాదం ఉంది.

ఆచార్యుడి వైపు నుంచి చూస్తే ఈ ఆచారానికి కారణాలు లేకపోలేదు. ఒక విభాగంలో పెద్ద తరగతులు, వాటిలో విదేశాలకు దరఖాస్తు చేసేవారు పదుల్లో, ఒక్కొక్కరికీ అయిదారు విశ్వవిద్యాలయాలు, ప్రతి విశ్వవిద్యాలయానికీ వేరే ఆన్‌లైన్ ఫారం. అడిగేదేమో గడువుకు నాలుగు రోజుల ముందు. లేఖ రాయడం బోధన పనిలో భాగంగా లెక్కకు రాదు. అయినా సంతకం పెట్టిన క్షణాన లేఖలోని ప్రతి వాక్యం సంతకం చేసినవారిదే అవుతుంది.

రెండో మూలం ఎంపిక. తరగతిలో పాఠం చెప్పి, ప్రాజెక్టు చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను వదిలి, విద్యార్థిని పేరుపెట్టి గుర్తుపట్టలేని ప్రిన్సిపాల్ దగ్గరికో, కుటుంబానికి తెలిసిన పెద్ద అధికారి దగ్గరికో వెళ్ళడం ఇక్కడి అలవాటు. గెజిటెడ్ అధికారి సంతకానికి అలవాటుపడ్డ సమాజంలో ఇది సహజం. కాని పరిచయం లేనివారు రాసే లేఖలో వివరాలన్నీ ఇతరులు అందించినవే. అవి తప్పయితే పట్టుకోగల స్థితిలో రాసేవారు ఉండరు.

3. పొరపాట్లలో రకాలు

పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో ఒక వరుస, కళాశాల రికార్డులో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే, పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ సొంతపేరుకూ వేర్వేరు గడులు. శ్రీనివాస్, లక్ష్మి, జ్యోతి వంటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటికి రెండు విధాలుగా రాస్తారు. పాస్‌పోర్టులో రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో సొంతపేరు తెలియదని సూచించే ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు చేరతాయి. ఆచార్యుడు తరగతిలో పిలిచే పేరు రాస్తే, ఆ లేఖ ఈ దరఖాస్తుకే చెందినదా అన్న సందేహం వస్తుంది. దరఖాస్తు పాస్‌పోర్టు పేరుతో వెళుతుంది కనుక లేఖలోనూ మొదటిసారి ఆ పేరే పూర్తిగా రాయాలి. తరువాత పిలుపు పేరు వాడుకోవచ్చు.

సంస్థ. విజయవాడ ప్రాంతంలో సంస్థల పేర్లు ఎన్నోసార్లు మారాయి. 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఏర్పడినది తరువాత ఎన్టీఆర్ పేరుతో, 2022లో వైఎస్సార్ పేరుతో, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరుతో నడిచింది. 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాలలో ఈ మార్పుల మధ్య ఎంబీబీఎస్ చదివిన విద్యార్థి చేతిలోని పత్రాల్లో రెండు విశ్వవిద్యాలయాల పేర్లు కనబడవచ్చు. జేఎన్‌టీయూ 2008లో విడిపోయి కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలైంది. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లా వేరుపడింది. కొండపల్లి ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది. కాబట్టి కనిపించిన ప్రతి తేడా పొరపాటు కాదు. రెండు పేర్లూ ఒకే సంస్థవైతే లేఖను మార్చనక్కరలేదు. దరఖాస్తులో అదనపు సమాచారం రాసే చోట పేరు ఏ సంవత్సరంలో మారిందో ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది. నిజమైన పొరపాటు వేరే ఉంది. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం, పాఠం చెప్పింది అనుబంధ కళాశాల. లేఖలో కళాశాలనే విశ్వవిద్యాలయంగా రాస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌తో పొంతన కుదరదు.

అంకెలు. గ్రేడును శాతంగా మార్చడంలో జరిగే తప్పు చాలా సాధారణం. ఏఐసీటీఈ పట్టిక ప్రకారం 10 పాయింట్ల పద్ధతిలో 7.25 సీజీపీఏ 65 శాతానికి, 8.25 సీజీపీఏ 75 శాతానికి సమానం. పాఠశాల స్థాయిలో సీబీఎస్ఈ వాడిన 9.5 గుణకం పెడితే అదే 8.25 దాదాపు 78.4 అవుతుంది, నేరుగా పదితో గుణిస్తే 82.5. ముగ్గురు ఆచార్యులు మూడు విధాలుగా లెక్కకడితే ఒకే దరఖాస్తులో ముగ్గురు విద్యార్థులు కనిపిస్తారు. మార్కులు చెప్పే పని మెమోది. లేఖలో వాటిని రాయకపోవడమే మేలు. రాస్తే మెమోలో ఉన్న రూపంలోనే, మార్చకుండా రాయాలి.

అతికింపు. ఒక విశ్వవిద్యాలయానికి రాసిన లేఖ మరోదానికి పోవడం, అమ్మాయి గురించి రాసిన లేఖలో మధ్యలో పుంలింగ సర్వనామం రావడం, కంప్యూటర్ సైన్స్ విద్యార్థి లేఖలో మెకానికల్ ప్రయోగశాల ప్రస్తావన ఉండడం ఈ కోవలోవి. వీటన్నిటికీ కారణం పాత లేఖ మీద కొత్త పేరు రాయడమే. మూడు లేఖలూ ఒకే చేతి మీదుగా తయారైతే ఇంకో లోపం బయటపడుతుంది: మూడింటా అవే విశేషణాలు, అదే వాక్యనిర్మాణం, అదే ముగింపు. విడివిడిగా చూస్తే ఏ తప్పూ ఉండదు. వందల దరఖాస్తులు చదివే కమిటీకి మాత్రం మూడు లేఖలనూ పక్కపక్కన పెట్టగానే విషయం తెలిసిపోతుంది.

వాస్తవం. హౌస్ సర్జన్‌గా శస్త్రచికిత్సల్లో సహాయపడిన యువ వైద్యుడు వాటిని స్వతంత్రంగా చేశాడని రాయడం, నలుగురు కలిసి చేసిన బి.టెక్ ప్రాజెక్టును ఒక్కరి ఖాతాలో వేయడం, పరిశీలనకు పంపిన పరిశోధనా వ్యాసం అచ్చయిందని చెప్పడం. అమెరికా ఆసుపత్రిలో అబ్జర్వర్‌షిప్ చేసినవారి విషయంలో ఇది మరీ సున్నితం. అబ్జర్వర్‌షిప్ అంటే పక్కన నిలబడి చూడడమే. రోగిని ముట్టుకునే అధికారం ఉండదు. రోగులకు చికిత్స చేశాడని లేఖలో ఉంటే చదివేవారికి రెండే అర్థాలు తోస్తాయి: లేఖ అబద్ధం, లేదా ఆ ఆసుపత్రి నిబంధన మీరింది. రెండూ విద్యార్థికి చేటే.

స్వరం. తప్పు వాక్యం ఒక్కటీ లేకున్నా లేఖ హాని చేయవచ్చు. ఒక పెద్ద అమెరికన్ వైద్య కళాశాలలో అధ్యాపక పదవుల కోసం వచ్చిన మూడు వందలకు పైగా లేఖలను ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. స్త్రీల గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, సందేహం రేకెత్తించే మాటలు వాటిలో ఎక్కువ, పరిశోధన ప్రస్తావన తక్కువ. తెలుగునాట లేఖల్లో అమ్మాయిల గురించి వినయం, అణకువ, మంచి కుటుంబం అన్న మాటలు వచ్చే చోట అబ్బాయిల గురించి తెలివి, చొరవ, నాయకత్వం వస్తుంటాయి. వినయం మంచి గుణమే. మెషీన్ లెర్నింగ్‌లో పరిశోధన చేయగలదా అన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

4. దిద్దవలసినవి, వదిలేయవలసినవి

పొరపాటు కనబడగానే కంగారుపడి అందరికీ మెయిళ్ళు పంపడం మరో పొరపాటు. ముందుగా దాని బరువు తూచాలి.

అక్షరదోషం, విరామచిహ్నం, ఒక ముతక వాక్యం వంటివి తేలికైనవి. లేఖ ఇంకా పంపకపోతే దిద్దుకోవచ్చు. పంపాక వదిలేయాలి. లేఖ భాష రాసినవారిదని, దరఖాస్తుదారుది కాదని కమిటీలకు తెలుసు. లేఖలో వేరే విశ్వవిద్యాలయం పేరు ఉండడం ఇబ్బందికరమే గాని ప్రాణాంతకం కాదు. విద్యార్థులు అనేక చోట్ల దరఖాస్తు చేస్తారని అందరూ ఎరిగిన విషయమే. గడువు మిగిలి ఉంటే మార్చిన ప్రతి పంపించాలి. లేకపోతే వదిలేయడమే నయం.

విద్యార్థి ఎవరన్నదాని మీద, అతని చదువు మీద సందేహం కలిగించేవి మధ్యస్థమైనవి: పేరు, సర్వనామం, కళాశాల, తేదీలు, శాతాలు. వీటిని ఏ దశలోనైనా దిద్దించాలి. ముఖ్యంగా సర్వనామం తప్పితే చదివేవారు దాన్ని టైపింగ్ దోషంగా తీసుకోరు, లేఖ మరొకరిదేమో అనుకుంటారు.

జరగనిది జరిగినట్టు చెప్పిన వాస్తవ దోషం, వేరొకరి లేఖ పొరపాటున విద్యార్థి దరఖాస్తులో చేరడం, రాసినవారికి తెలియకుండా పంపిన లేఖ: ఇవి బరువైనవి. వీటికి గడువుతో నిమిత్తం లేదు. ప్రవేశం వచ్చాక తెలిసినా తెలియజేయవలసిందే.

5. సవరణ క్రమం

మొదటి మెట్టు రుజువు. తప్పని అనిపించినదాన్ని మెమోతో, పాస్‌పోర్టుతో, ప్రాజెక్టు సర్టిఫికెట్‌తో పోల్చి చూడాలి. రెండో మెట్టు రాసినవారికి తెలపడం. వారి ముందు తప్పు ఎత్తిచూపడానికి విద్యార్థులు జంకుతారు. గురువుకు తప్పు చెప్పడం అమర్యాద అనుకుంటారు. మర్యాదగా చెప్పే తీరు ఒకటుంది. తప్పు ఎక్కడుందో, ఆధారమేమిటో, ఏం కోరుతున్నారో మాత్రమే చెప్పాలి. ఉదాహరణకు:

“సార్, నమస్కారం. మీరు రాసిన లేఖ రెండో పేరాలో ప్రాజెక్టు 2022లో పూర్తయినట్టు ఉంది. కళాశాల ఇచ్చిన సర్టిఫికెట్‌లో 2023 ఉంది. దాని ప్రతి జతచేశాను. మీకు సరే అనిపిస్తే దిద్దిన లేఖను విశ్వవిద్యాలయం వారి లింకులో మీరే ఎక్కించగలరా? గడువు ఈ నెల 15.”

దీనిలో సంజాయిషీ లేదు, ఆరోపణ లేదు. దిద్దాలా వద్దా అన్న నిర్ణయం ఆచార్యుడిదిగానే ఉంది.

మూడో మెట్టు దిద్దిన లేఖ పంపడం. దాన్ని పంపవలసింది రాసినవారే, తమ సంస్థ మెయిల్ నుంచి, దరఖాస్తు సంఖ్య పేర్కొంటూ, కొత్త తేదీతో, కొత్త సంతకంతో. పాత లేఖ స్థానంలో ఇది తీసుకోవాలని, ఏ వాక్యం మారిందో ఒక్క వరుసలో చెప్పాలి. పాత లేఖ పీడీఎఫ్‌ను విద్యార్థి తెరిచి ఒక అంకె మార్చి మళ్ళీ పంపడం, ఆ అంకె నిజమైనదే అయినా, సవరణ కాదు. పాత సంతకాన్ని కొత్త మాటలకు అంటించినట్టవుతుంది.

నాలుగో మెట్టు దరఖాస్తుదారుడు ప్రవేశాల కార్యాలయానికి రాసే చిన్న మెయిల్. ఫలానా లేఖలో ఫలానా వివరం తప్పుగా పడిందని, రాసినవారు దిద్దిన ప్రతి పంపుతున్నారని మూడు వాక్యాల్లో చెబితే చాలు. జవాబులో కార్యాలయం ఏం చెప్పిందో భద్రపరచుకోవాలి.

వ్యవస్థను బట్టి ఈ మెట్లలో తేడాలుంటాయి. అమెరికా రెసిడెన్సీ దరఖాస్తులు వెళ్ళే ఈరాస్ వ్యవస్థలో లేఖను రచయిత గాని, ఆయన నియమించిన సహాయకుడు గాని ప్రత్యేక పోర్టల్ ద్వారా ఎక్కిస్తారు. దరఖాస్తుదారుడి చేతికి అది రాదు. ఒక్కో శిక్షణ కార్యక్రమానికి నాలుగు లేఖలకు మించి జతచేయడానికి వీల్లేదు. కార్యక్రమానికి చేరిపోయిన లేఖను వెనక్కి తెచ్చుకోవడం సాధారణంగా కుదరదు కనుక, నాలుగు స్థానాలనూ మొదటి రోజే నింపకుండా ఒకటి అట్టిపెట్టుకున్నవారికి తరువాత మరో లేఖ చేర్చే వెసులుబాటు ఉంటుంది. ఎంఎస్ దరఖాస్తుల్లో ఎక్కువ విశ్వవిద్యాలయాలు రచయిత మెయిల్‌కు లింకు పంపుతాయి. ఒకసారి సమర్పించాక ఆ లింకు మూసుకుపోతే కార్యాలయాన్ని అడిగి మళ్ళీ తెరిపించుకోవాలి.

రాసినవారు దిద్దడానికి నిరాకరించినా, బదిలీ అయి దొరక్కపోయినా, మరణించినా దారి మూసుకుపోదు. విభాగాధిపతి ఆ లేఖను తిరగరాయకూడదు. రికార్డు ప్రకారం అసలు వివరం ఇదని విడిగా ధ్రువీకరణ ఇవ్వవచ్చు. వీలున్న చోట పనిని ఎరిగిన మరొకరి నుంచి కొత్త లేఖ తీసుకోవడం ఇంకా మంచిది. పదవీవిరమణ చేసిన ఆచార్యుడు పాత లెటర్‌హెడ్ వాడకుండా, బోధించినప్పటి హోదానూ ఇప్పటి స్థితినీ రెండింటినీ రాస్తే చాలు.

6. లేఖను చూడని దరఖాస్తుదారుడు

పొరపాటును దిద్దించాలంటే ముందు అది తెలియాలి. అమెరికాలో 1974 నాటి కుటుంబ విద్యా హక్కులు, గోప్యత చట్టం, ఫెర్పా, విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి తన రికార్డు చూసుకునే హక్కు ఇచ్చింది. సిఫార్సు లేఖల విషయంలో ఆ హక్కును రాతపూర్వకంగా వదులుకోవచ్చు. అలా వదులుకోవాలని ప్రవేశానికి షరతు పెట్టకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. అయినా చాలామంది వదులుకుంటారు. విద్యార్థి చూడడని తెలిసి రాసిన లేఖనే కమిటీలు ఎక్కువ నమ్ముతాయన్నది దీని వెనక ఉన్న అభిప్రాయం.

ఇక్కడే తెలుగునాటి ఆచారం చిక్కు తెస్తుంది. లేఖ చూసే హక్కు వదులుకున్నట్టు ఒక గడిలో టిక్కు పెట్టిన విద్యార్థి, ఆ లేఖను తానే రాసి ఉంటాడు. పత్రం చెప్పేది ఒకటి, జరిగింది మరొకటి. దీన్ని తప్పించడానికి మార్గం వాస్తవాల పత్రం. పాస్‌పోర్టు పేరు, చదివిన సబ్జెక్టులు, ప్రాజెక్టులో సొంత పాత్ర, తేదీలు, దరఖాస్తు చేసే సంస్థల జాబితా, గడువులు ఒక పేజీలో రాసి రెజ్యూమెతో పాటు ఆచార్యుడికి ఇవ్వాలి. పొగడ్త ఒక్క మాట కూడా అందులో ఉండకూడదు. వాస్తవాలు విద్యార్థి ఇస్తాడు, అభిప్రాయం ఆచార్యుడు రాస్తారు. లేఖ చూడకపోయినా అందులో పేరూ తేదీలూ తప్పే అవకాశం ఇలా చాలావరకు తగ్గుతుంది.

7. అనుకూలమైన పొరపాటు

నష్టం కలిగించే తప్పును దిద్దించడానికి ఎవరినీ తొందరపెట్టనక్కరలేదు. లాభం కలిగించే తప్పు ఎదురైనప్పుడు అసలు పరీక్ష వస్తుంది. తరగతిలో ఏడో స్థానంలో ఉన్న విద్యార్థి మొదటి ర్యాంకు అని లేఖలో పడింది; 75 శాతం 82 అయింది; చూడడానికి వెళ్ళినవాడు చికిత్స చేసినవాడయ్యాడు. రాసింది ఆచార్యుడే కదా, తనకేం సంబంధం అని ఊరుకోవడం సులువు.

ఊరుకోకూడదనడానికి మూడు కారణాలున్నాయి. దరఖాస్తు చివర విద్యార్థి చేసే ప్రకటనలో సమాచారమంతా నిజమని ఉంటుంది. లేఖలోది అబద్ధమని తెలిసి ఆ ప్రకటన కింద పేరు రాయడం ఆ అబద్ధాన్ని ఒప్పుకోవడమే. రెండోది, లేఖ ఒక ర్యాంకు చెప్పి మెమో మరొకటి చెబితే కమిటీ అనుమానం లేఖ దగ్గర ఆగదు, మెమో మీదికి కూడా పోతుంది. నిజమైన పత్రం అబద్ధపు పత్రం వల్ల విలువ కోల్పోతుంది. మూడోది తరువాతి విద్యార్థులకు సంబంధించింది. చిన్న కళాశాలలో ఏటా లేఖలు రాసేది నలుగురైదుగురు ఆచార్యులే. ఒకరి సంతకం మీద ఒక విశ్వవిద్యాలయానికి నమ్మకం పోతే, ఆ తరువాతి బ్యాచిలో నిజంగా మొదటి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి లేఖను కూడా అదే కంటితో చూస్తారు. ఆమెకు కారణం కూడా తెలియదు.

8. చట్టం దృష్టి

భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ ఫోర్జరీకి రెండేళ్ళ వరకు, మోసగించే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీకి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష విధిస్తుంది. ఫోర్జరీ పత్రమని తెలిసి దాన్ని అసలైనదిగా వాడడం 340వ సెక్షన్ కింద నేరం. ఆచార్యుడి పేరు మీద నకిలీ మెయిల్ ఖాతా తెరిచి లేఖ పంపినవారు, సంతకాన్ని స్కాన్ చేసి అతికించినవారు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికా వలస చట్టం ప్రకారం ముఖ్యమైన విషయంలో ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పి వీసా పొందినవారు, పొందజూసినవారు ఆ దేశ ప్రవేశానికే అనర్హులవుతారు.

రాసేవారి బాధ్యత గురించి బ్రిటన్‌లో ఒక ప్రసిద్ధ తీర్పు ఉంది. 1994లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్, మాజీ ఉద్యోగి గురించి అభిప్రాయ లేఖ ఇచ్చే యజమాని వాస్తవాల విషయంలో తగిన జాగ్రత్త వహించాలని తేల్చింది. భారత చట్టంలో పరువునష్టానికి సంబంధించిన 356వ సెక్షన్, సద్భావంతో, న్యాయమైన ప్రయోజనం కోసం చెప్పిన మాటకు మినహాయింపులిస్తుంది. సద్భావం అంటే జాగ్రత్త కూడా. ఎరిగినంతవరకు నిజాయితీగా రాసి, తప్పు తెలిసిన వెంటనే దిద్దిన ఆచార్యుడు భయపడవలసిన పని లేదు.

9. సంస్థలు చేయదగినవి

పొరపాట్లను ఒక్కొక్కటిగా దిద్దడం కన్నా అవి రాకుండా చూడడం తేలిక. బయటి దేశాల్లో దీనికి లేఖ రూపాన్నే మార్చారు. అమెరికాలో అత్యవసర వైద్య విభాగం 1990లలోనే ప్రామాణిక లేఖను తెచ్చింది. అనేక మేనేజ్‌మెంట్ కళాశాలలు జీమ్యాట్ ప్రవేశపరీక్ష నిర్వహించే మండలి రూపొందించిన ఉమ్మడి ఫారాన్ని వాడుతున్నాయి. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ దరఖాస్తులు స్వీకరించే యూకాస్ 2024 ప్రవేశాల నుంచి ఒకే పొడుగాటి వ్యాసం బదులు మూడు భాగాలుగా అభిప్రాయం అడుగుతోంది: పాఠశాల గురించి, విద్యార్థి ప్రత్యేక పరిస్థితుల గురించి, ఇంకేమైనా చెప్పదలచినది. ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నారో తెలిసినప్పుడు పాత లేఖ అతికించే అవకాశం తగ్గుతుంది.

విజయవాడ పరిసర కళాశాలలు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లేఖ కోరే విద్యార్థి గడువుకు కనీసం నెలరోజుల ముందు వాస్తవాల పత్రం ఇవ్వాలన్న నియమం పెట్టడం మొదటిది. ఎంఎస్ గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో, రెసిడెన్సీ దరఖాస్తులు సెప్టెంబరులో ఉంటాయి కనుక వేసవి సెలవుల్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. ప్రతి అధ్యాపకుడికి సంస్థ మెయిల్ ఇచ్చి, లేఖలు దానినుంచే వెళ్ళేలా చూడడం రెండోది. పంపిన ప్రతి లేఖ నకలు, తేదీ, దరఖాస్తు సంఖ్యలతో విభాగంలో ఒక రిజిస్టరు ఉంచడం మూడోది. అయిదేళ్ళ తరువాత ఏదైనా విశ్వవిద్యాలయం నిర్ధారణ కోరితే సమాధానం అందులో దొరుకుతుంది. సంస్థ పేరు, అనుబంధ విశ్వవిద్యాలయం పేరు, జిల్లా మారినప్పుడు ఆ మార్పు వివరాలతో ఒక అధికారిక ధ్రువీకరణ సిద్ధంగా ఉంచడం నాలుగోది. అధ్యాపకుడికి కాదనే స్వేచ్ఛ ఇవ్వడం అయిదోది. విద్యార్థి పని తనకు తెలియదని, ఫలానా వారిని అడగమని చెప్పిన అధ్యాపకుడు అతనికి మేలే చేసినట్టు; తెలియకుండా రాసిన పొగడ్త కన్నా తెలిసినవారు రాసిన పది వాక్యాలకు కమిటీ ముందు విలువ ఎక్కువ.

సంతకం పెట్టేముందు చూసుకోవలసినవి క్లుప్తంగా ఇవి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా; సర్వనామాలు మొదటి నుంచి చివరి దాకా ఒకటేనా; విద్యార్థి ఎన్నాళ్ళుగా, ఏ హోదాలో తెలుసో చెప్పారా; ప్రతి ప్రశంసకూ కళ్ళారా చూసిన ఒక పని ఆధారంగా ఉందా; అంకెలు మెమోతో సరిపోతున్నాయా; ఫారం గడుల్లో పెట్టిన టిక్కులు, లేఖలోని మాటలు ఒకదానికొకటి విరుద్ధంగా లేవా; తేదీ, హోదా, సంస్థ మెయిల్ ఉన్నాయా. ఈ ఏడూ చూడడానికి పది నిమిషాలు చాలు. వీటిని చూశాక కూడా మిగిలిపోయే పొరపాటు చాలావరకు అక్షరదోషమే అవుతుంది. దాన్ని దిద్దడానికి రాసినవారి ఒక్క మెయిల్ సరిపోతుంది.